కృష్ణుడికి ముందు ఎవరు

ఆదోని, 1954 ఫిబ్రవరి 2

ఓబులేసు వచ్చి వెళ్ళాడు. ఈ రెండు జిల్లాల్లో నాటకాల కంట్రాక్టరంటే వాడే. ఈసారి మా సమాజాన్ని కర్నూలు, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, కడప తిప్పుతాడట. కర్నూలు కొత్త రాజధాని కదా, గుడారాల్లో ఆఫీసులు పెట్టుకుని, సాయంత్రమైతే ఎక్కడికి పోవాలో తెలియక గుమాస్తాలు రోడ్ల మీద తిరుగుతున్నారట.

"మా నాటకం ఉండగా వాళ్ళకింకేం కావాలప్పా?" అన్నాను.

వాడు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "అది కాదు గోపన్నా. నీ కృష్ణుడు రాకముందు ఒక ఆట పెట్టాల."

"నా కృష్ణుడికి ముందా?"

"జనం సినిమాలకు మరిగినారు. తెర లేసేదాకా ఊరికే కూచోమంటే కూచోరు. గంటసేపు బుర్రకథో గారడీనో ఏదో ఒకటి పడాల. ఎవరిని పెట్టాలో నువ్వే చూసి చెప్పు. పెద్దోడివి."

ఇన్నేళ్ళూ నా కృష్ణుడికి ముందు వచ్చింది వినాయకుడి ప్రార్థన ఒక్కటే. అయినా "పెద్దోడివి" అన్న మాటకు పడిపోయాను. కళ గురించి, అభిరుచి గురించి, జనాన్ని పైకి తీసుకురావలసిన బాధ్యత గురించి చాలాసేపు మాట్లాడాను. ఓబులేసు ఎంతో శ్రద్ధగా విన్నాడు. వాడి బస్సు ఆలస్యమని తర్వాత తెలిసింది.

ఫిబ్రవరి 3

పొద్దున సాధకం. మా హార్మోనిస్టు నాలుగున్నర శ్రుతి ఇచ్చాడు, కుర్రవాళ్ళకు కూడా అందని ఎత్తు. గొంతు బ్రహ్మాండంగా ఉంది. పక్కింటి గేదె పలుపు తెంపుకుని పోయింది, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఫిబ్రవరి 7

పత్తి మిల్లు షెడ్డులో ఎంపికలు మొదలుపెట్టాను. నేను కుర్చీలో, మా హార్మోనిస్టు తిమ్మన్న చాప మీద. పత్తికొండ బుర్రకథ వాళ్ళు వచ్చారు. కథ చెప్పేవాడు తంబురా మీటి ఒక్క కేక వేశాడు, మిల్లులో పనిచేసే వాళ్ళంతా పని వదిలేసి వచ్చి గోడల మీద కూర్చున్నారు. సేటు వచ్చి వాళ్ళను తిట్టాలని నోరు తెరిచి, తనూ నిలబడి విన్నాడు.

వద్దన్నాను. భక్తి తక్కువగా ఉంది.

"శానా బాగుండారు గదా గోపన్నా" అన్నాడు తిమ్మన్న.

"బాగుండడం వేరు, మన నాటకానికి సరిపోవడం వేరు" అన్నాను. చెప్పాక ఆ మాట నాకే ఎంతో నచ్చింది.

ఫిబ్రవరి 8

కడప నుంచి రాహేలమ్మ అనే ఆమె రైలెక్కి వచ్చింది. చర్చిలో కీర్తనలు పాడుతుందట, పద్యాలు కూడా వచ్చట. తిమ్మన్న శ్రుతి ఇస్తే "ఇంకొంచెం పైకియ్యి అన్నా" అంది. తర్వాత పాడింది.

ఏం రాయను. బాగానే పాడింది.

ఆమెకు టీ ఇప్పించి, దీవించి, ఊరూరా తిరగడం ఆడవాళ్ళకు కష్టమమ్మా అని చెప్పాను.

"ఆఖరికి మా కడపకే గదయ్యా వస్తాండారు? మా ఊరికి నేను వచ్చేదానికి కష్టమేముండాది?" అంది.

నేను దగ్గాను. నా దగ్గు అందరూ గౌరవిస్తారు.

ఇంటికొచ్చాక హంపమ్మ అన్నం పెడుతూ అంది: "మిల్లు కాడికి మజ్జిగ తెచ్చినప్పుడు చూసినా. ఆ యమ్మ పాడతాంటే నీ మొగం యాపాకు నమిలినట్ల ఉండాది."

కట్టుకున్న దానితో కళ గురించి మాట్లాడకూడదు.

ఫిబ్రవరి 10

గారడీ గిడ్డయ్య వచ్చాడు. గంప కింద కోడిని పెట్టి మాయం చేశాడు. ఆ తర్వాత అది ఎక్కడుందో ఆయనకే తెలియలేదు. అందరం కలిసి షెడ్డంతా వెతికాం. నాకు ఎంతో నచ్చాడు. ఇలాంటివాడు ముందుంటే నేను దగ్గినా చప్పట్లు పడతాయి. ఓబులేసు మాత్రం చచ్చినా ఒప్పుకోనన్నాడు.

ఫిబ్రవరి 12

దొరికాడు!

పేరు దావీదురాజు. నంద్యాల వైపు మిషన్ బడిలో డ్రిల్లు చెప్పేవాడట. ఇప్పుడు పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో గొంతుతో చప్పుళ్ళు చేసి చూపిస్తాడు. గుంతకల్లు స్టేషన్లో రైలింజను, మడి కాడ ఆయిలింజను, కుక్కల కొట్లాట, తప్పిపోయిన మేకపిల్ల. మేకపిల్ల ఎంత బాగుందంటే మిల్లు వెనక కట్టేసిన మేక తిరిగి అరిచింది. పద్యం లేదు, రాగం లేదు, శ్రుతితో పనే లేని మనిషి. తిమ్మన్న హార్మోనియం మూత కూడా తీయలేదు.

వాడు నా కాళ్ళకు దండం పెట్టి, "చిన్నప్పట్నుంచి మిమ్మల్నే చూస్తాండానయ్యా. యాడ మీ నాటకముంటే ఆడికి బండ్ల వెనకంబడి పోతాంటి. మీ వల్లనే నాకీ పిచ్చి పట్టింది" అన్నాడు.

ఏ పిచ్చి అని అడిగి ఉండవలసింది.

"ఏమేమి చేయమంటారయ్యా?" అని వినయంగా అడిగాడు.

"నీ ఇష్టం నాయనా. జంతువులు కొంచెం ఎక్కువ వేసుకో" అన్నాను.

ఓబులేసుకు కబురు పెట్టాను. మనసు హాయిగా ఉంది. కళాకారుడికి ఇంకో కళాకారుణ్ణి పైకి తీసుకురావడం కన్నా ఆనందం లేదు.

కర్నూలు, ఫిబ్రవరి 27

నిన్న మొదటి ఆట, తుంగభద్ర గట్టు కింది మైదానంలో. జనం బాగా వచ్చారు. దావీదురాజుకు నవ్వులే నవ్వులు. వెనక కూర్చుని ముఖానికి నీలం పూసుకుంటూ నేనూ నవ్వాను. పెద్ద మనసు ఉండాలి మనిషికి.

తర్వాత నేను. రాయబారం సీనులో నా పద్యానికి కర్నూలులో ఎప్పుడూ వన్స్ మోర్ అంటారు. ఒకప్పుడు మళ్ళీ మళ్ళీ పాడించి, కౌరవుల కొలువు అట్లాగే నిలబడిపోతే దుర్యోధనుడి వేషగాడు కూర్చుని కునుకు తీసేవాడు. నిన్న ఒక్కరే అన్నారు. గొంతు గుర్తుపట్టాను. తిమ్మన్న.

నది గాలి. గుడారాల గుమాస్తాలు, మద్రాసు నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకు పద్యమేం తెలుసు? వెనక నేల మీద కూర్చున్నది మా సొంతూరు కోసిగి కూలోళ్ళే, కట్టడాల పనికి వచ్చినవాళ్ళు. వాళ్ళు ఎందుకు అనలేదో మాత్రం తెలియడం లేదు. అలిసిపోయి ఉంటారు.

ఫిబ్రవరి 28

రాయాలని లేదు. అయినా రాస్తాను.

నిన్న రెండో ఆట. వేషాల గదిలో ముఖానికి రంగు వేసుకుంటున్నాను. బయట రైలయింది, కుక్కలయ్యాయి. నవ్వులు ఆగాయి. అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నేను పాడడం మొదలుపెట్టాను.

చేతిలో అద్దం ఉంది. అద్దంలో నా నోరు మూసి ఉంది. బయట మాత్రం నా గొంతు, నా పద్యం, నాలుగున్నర శ్రుతిలో గాలిపటం ఎగరేసినట్టు పైకి పోతూ ఉంది. సిగ్గు లేకుండా రాస్తున్నాను, మొదట కలిగింది సంతోషం. అబ్బ, ఏం పాడుతున్నానురా అనుకున్నాను. మూడో పాదం కాగానే దగ్గు వచ్చింది, నా దగ్గే. అప్పుడు అర్థమైంది అది నేను కాదని. ఎందుకంటే ఆ క్షణంలో నేను దగ్గలేదు.

వన్స్ మోర్ అని మైదానం మైదానమంతా అరిచింది. వాడు మళ్ళీ పాడాడు.

తర్వాత నేను కిరీటం పెట్టుకుని వెళ్ళి, అదే పద్యం ఎత్తుకుని, అదే చోట పైకి పోబోయాను. గొంతు సగంలో చీలిపోయింది. నేల మీద నుంచి మా కోసిగి యాసలో ఎవరో అరిచారు: "ముందర పాడినాయప్పను పిలవండప్పా!"

నన్ను నేనని అనుకోలేదు వాళ్ళు.

మార్చి 1

దావీదురాజును పిలిపించాను. వీడి నాలుక కోసి ఉప్పు కారం పెట్టాలని పొద్దుటినుంచి అనుకుంటున్నాను. వాడు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అది నా గొంతు" అన్నాను.

"అవునయ్యా, మీదే."

"నిన్ను జంతువులు చేయమంటిని!"

"చేసినానయ్యా. అయిపోయినాయి. జనమేమో మనిషి గొంతు ఏదైనా చెయ్యమనిరి. నాకొచ్చిన మనిషి గొంతు మీదొక్కటే."

కోపంగా ఉండడానికి శాయశక్తులా ప్రయత్నించాను. ఇక మీద చేయవద్దని చెప్పాను. సరేనన్నాడు. సాయంత్రం ఓబులేసు వచ్చి, చేసి తీరాలన్నాడు. బజారులో జనం దాని గురించే మాట్లాడుకుంటున్నారట. "నీ పేరే గదా గోపన్నా మోగతాండేది, నీకేం నష్టం?" అన్నాడు.

నిజమే, నాకేం నష్టం? ఈ ప్రశ్న గురించి ఆలోచిస్తూ రాత్రి అన్నం తినలేదు.

కోయిలకుంట్ల, మార్చి 9

దుమ్ము. నా గొంతుకు దుమ్ము పడదు. కలకండ, మిరియాలు, శొంఠి. హంపమ్మ వంటకని మాతో వచ్చింది, వంట కంటే నా కషాయాలే ఎక్కువ కాస్తోంది.

నిన్న ఆటకు ముందు బండి చాటున నిలబడి కషాయం తాగుతున్నాను. బండికి అవతల తిమ్మన్న హార్మోనియం దుమ్ము తుడుస్తున్నాడు. దావీదురాజు వచ్చాడు.

"అన్నా, అయ్య శ్రుతి ఇయ్యి."

"ఏది? ఇప్పటిదా, అప్పటిదా?" అన్నాడు తిమ్మన్న.

"అప్పటిదేనన్నా."

కషాయం ముక్కులోకి పోయింది.

దావీదురాజు వెళ్ళేదాకా ఆగి బయటికి వచ్చాను. తిమ్మన్న నన్ను చూసి తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

"ఎప్పట్నుంచి?" అని అడిగాను.

"నీకు జరమొచ్చిన ఏడాది దించినా గోపన్నా. తగ్గినంక ఎత్తుదామనుకుంటి. ఎత్తితే నువ్వు అందుకోలేకపోతివి. మళ్ళ దించినా. ఆ మీదట ఇంకొంచెం."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పాడతావా నువ్వు?"

నేను నాలుగున్నర అని డప్పు కొట్టుకున్నదంతా రెండు శ్రుతి. ఊరూరా చెప్పాను, కుర్రవాళ్ళను పట్టుకుని తిట్టాను. నాకు తెలియదనే రాసుకుంటాను. చెవులు నావే, హార్మోనియం మెట్ల మీద తిమ్మన్న వేళ్ళు ఎక్కడుంటాయో ఇన్నేళ్ళూ కళ్ళారా చూస్తున్నదీ నేనే. అయినా తెలియదనే రాసుకుంటాను.

మార్చి 10

ఇవాళ ఏమీ రాయను.

మార్చి 11

నిన్న ఏమీ రాయనని రాశాను. అది కూడా రాతే. నాకు ఊరుకోవడం చేతకాదు.

జమ్మలమడుగు, మార్చి 17

పెన్నలో నీళ్ళు లేవు, ఇసుకలోనే పందిరి వేశారు. ఆట అయ్యాక ఓబులేసు ఇసుకలో నా పక్కన కూర్చుని చాలాసేపు కాళ్ళతో గుంత తవ్వాడు.

"కడపలో కృష్ణుడు దావీదురాజు ఏస్తాడు గోపన్నా. నువ్వు ముందు వరసలో కూచో. పెద్దోళ్ళ చేత శాలువా కప్పిస్తా."

"నాకు చలి లేదు" అన్నాను.

"తమాషాలొద్దప్పా. నీకు మర్యాద జరగాలనే చెప్తాండా."

వేషం అడుగుతున్నాడు. కృష్ణుణ్ణి. నేను ఇంకేమున్నాను ఈ లోకంలో? కోసిగిలో నాకున్న చేను వాన పడితేనే చేను, లేకపోతే రాళ్ళు. గోపన్న అంటే ఎవరికీ తెలియదు, కృష్ణుడు గోపన్న అంటేనే బస్సులో జరిగి చోటిస్తారు. ఏడుపు వచ్చింది. ఇసుక పడిందని కళ్ళు నలుపుకున్నాను.

హంపమ్మకు చెప్పాను. నన్ను ఓదారుస్తుందనుకున్నాను.

"శాలువా కప్పుకోని నువ్వు ముందు వరసలో కూచుంటావా? దుడ్లిచ్చి కూచోబెట్టినా కూచోవు. పద్యం పద్యానికీ లేసి పాడతావు. నలుగురు పట్టుకోని లాగాల. నాకా సిగ్గెందుకు? పోయి ఆ పిల్లోనికి చక్రం పట్టేది నేర్పు. వాడు నిన్ను చూసి ఎడమ చేత్తో పడతాండాడు."

నిజమే. నాకు కుడి భుజం నొప్పి మొదలైనప్పటినుంచి నా కృష్ణుడు ఎడమచేతివాటం.

మార్చి 19

నేర్పాను. వాడు వింటాడు, విన్నది చేస్తాడు, అదే బాధ. నా తప్పులన్నీ వాడి దగ్గర భద్రంగా ఉన్నాయి. మూడో పాదం తర్వాత దగ్గాడు.

"ఆ దగ్గు వద్దు నాయనా" అన్నాను.

వాడు నిజంగా ఆశ్చర్యపోయాడు. "అది పద్యంలో ల్యాదా అయ్యా?"

"లేదు. అది బీడీలది."

"మా ఊర్లో మీ పద్యం పాడేవాళ్ళందరూ ఆడ దగ్గుతారయ్యా. దగ్గకపోతే తప్పు పాడినారంటారు."

హంపమ్మ వంట గుడారంలోంచి నవ్వింది, గిన్నె కింద పడేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు ఆపుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది.

మార్చి 22

దావీదురాజు కృష్ణుడైతే వాడికి ముందు ఎవరు? ఓబులేసు ఇది నన్నే అడిగాడు, మళ్ళీ. "పెద్దోడివి" అనే మాట కూడా వదల్లేదు.

పత్తికొండ వాళ్ళకు కబురు చేశాను. అనంతపురం వైపు ఊపిరాడనన్ని బేరాలట. కడపలో రాహేలమ్మ ఇంటికి తిమ్మన్నను ముందుగా పంపాను. ఆమె వేరే సమాజంలో చేరిపోయిందట. "తిరగడం ఆడోళ్ళకు కష్టమని ఆయప్ప చెప్పినాడు గదన్నా. కష్టమేం ల్యాదు, బాగనే తిరుగుతాండానని చెప్పు" అందట. తిమ్మన్న ఈ మాట ఆమె గొంతుతో కూడా చెప్పాడు. ఈ సమాజంలో అందరికీ అనుకరణ జబ్బు పట్టుకుంది.

ఖాళీగా ఉన్నది గారడీ గిడ్డయ్య ఒక్కడే. కోడి కూడా దొరికిందట.

కడప, మార్చి 27

పొద్దున ఓబులేసు తల పట్టుకుని కూర్చున్నాడు. "ఆ కోడి మనిషొస్తే కడపోళ్ళు కుర్చీలు ఇరగ్గొడతారు. ఏం చెయ్యాలప్పా గోపన్నా?"

"నేను పోతా" అన్నాను.

"యాడికి?"

"ముందుకి. ముందాట నేను చేస్తా."

వాడు నా నుదుటి మీద చేయి పెట్టి చూశాడు.

అనేశాను కాని, ఏం చేయాలో తెలియదు. జంతువులు రావు నాకు. నాకొచ్చింది కూడా ఒక్క గొంతే.

మార్చి 28

నిన్న జరిగింది ఉన్నది ఉన్నట్టు రాస్తాను. కడపలో జనం ఇసుక వేస్తే రాలనంత.

రంగు వేసుకోలేదు. పంచె, కండువా. తెర ముందుకు వెళ్ళి, అలవాటుగా తల తడుముకున్నాను. కిరీటం లేకుండా జనం ముందు నిలబడడం నాకు అదే మొదలు.

"అప్పా, దావీదురాజని మా పిల్లోడు నా చిన్నతనం గొంతు మీకు వినిపిస్తాండాడు. అది వాడికి వదిలేసినా. ఇప్పుడు ముసలి గోపన్నను మీకు నేను చూపిస్తా. ఇది వాడికి రాదు" అన్నాను.

పొద్దున లేచి సాధకం చేస్తే గేదె పలుపు తెంపుకుని పోవడం చూపించాను. మిరియాలు నమిలి, కలకండ చప్పరించి, గాలిని తిట్టి, నదిని తిట్టి, గుమాస్తాలను తిట్టడం చూపించాను. ఎంపికల కుర్చీలో కూర్చుని, బాగా పాడే ఆమెను తిరగడం కష్టమమ్మా అని పంపించేయడం చూపించాను. అక్కడ జనం విరగబడి నవ్వారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక నవ్వు అందరికన్నా పైశ్రుతిలో వినపడింది. రాహేలమ్మ వచ్చి ఉంటుంది. ఆ శ్రుతి నేను మరిచిపోలేను.

అప్పుడు తిమ్మన్న వైపు తిరిగి, అందరికీ వినపడేట్టు, "తిమ్మన్నా, అప్పటి శ్రుతి ఇయ్యి" అన్నాను.

వాడి వేళ్ళు ఆగాయి. వద్దన్నట్టు తల ఆడించాడు. నేను నిలబడే ఉన్నాను. ఇచ్చాడు.

పద్యం ఎత్తుకున్నాను. ఎక్కడ గొంతు విరవాలో ముందే అనుకున్నాను, పై అంచుకు చేరాక, కళ్ళు తేలేసి. కాని అక్కడికి చేరకముందే అది దానంతటదే చీలిపోయింది. ఒక్క క్షణం ప్రాణం పోయినంత పనైంది. జనానికి తెలియలేదు. వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు, నేల అదిరేట్టు చప్పట్లు కొట్టారు. తర్వాత వెనక నుంచి మొదలై ముందు వరస దాకా వచ్చింది: "వన్స్ మోర్!"

ఎన్నాళ్ళయింది ఆ మాట విని. తిమ్మన్న నోరు మూసుకునే ఉన్నాడు, నేను చూశాను.

మళ్ళీ పాడాను. మొదటిసారి అదే విరిగింది. రెండోసారి నేను విరిచాను. రెండోదే బాగుందని ఓబులేసు అన్నాడు.

లోపలికి వచ్చేసరికి దావీదురాజు నీలం రంగులో, నా కిరీటంలో నిలబడి ఉన్నాడు. వాడి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఇది ఏ జంతువు గొంతూ కాదు, వాడి సొంత భయం. "ఎడమ పక్క కిరీటం వదులు, జాగ్రత్త" అని చెప్పి తోశాను.

తెర పక్కన నిలబడ్డాను. హంపమ్మ నా పంచె చెంగు గట్టిగా పట్టుకుని వెనక నిలబడింది, ఎక్కడ నేనూ అందుకుని పాడతానో అని. రాయబారం వచ్చింది. వాడు చక్రం కుడి చేత్తో పట్టాడు. పద్యం ఎత్తుకుని, నేను ఎక్కలేని చోటికి నడిచి వెళ్ళినట్టు వెళ్ళాడు. మొదటి పాదం, రెండో పాదం. మూడో పాదం అయింది. నేను నేర్పినట్టే దగ్గకుండా ఆగాడు.

ఆ ఖాళీ అట్లాగే ఉంది. జనం కూడా ఎదురుచూస్తున్నట్టున్నారు.

తెర పక్క నుంచి నేను దగ్గాను.

దావీదురాజు నాలుగో పాదం ఎత్తుకున్నాడు.